రెండో టిక్కెట్టు ఎవరు కొంటారు?

సానియా మీర్జా పేరు వినని ముస్లిం కుటుంబం తెలుగు నేల మీద ఉండదు. 2005 ఫిబ్రవరిలో ఆమె హైదరాబాద్ ఓపెన్ గెలుచుకుని, డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ సాధించిన తొలి భారతీయ మహిళగా నిలిచిన సంగతీ, అదే ఏడాది అమెరికన్ ఓపెన్‌లో నాలుగో రౌండు దాకా వెళ్లిన సంగతీ, 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ ప్రథమ ర్యాంకు అందుకున్న సంగతీ మన పిల్లలు పాఠంలా అప్పజెప్పగలరు. అయితే ఆ హైదరాబాద్ ఓపెన్‌కు ముందు నాలుగేళ్లపాటు ఆ అమ్మాయి ఏ ఊళ్లలో ఆడింది, ఎవరితో వెళ్లింది, ఆ ఖర్చు ఎవరు భరించారు అని అడిగితే పెద్దల నుంచి కూడా జవాబు రాదు. విజేతల జీవితంలో మనకు చివరి అధ్యాయాలే తెలుసు. మన ఇళ్లలో రాకెట్ పట్టుకున్న అమ్మాయిలకు మాత్రం అవసరమైనది మొదటి అధ్యాయం.

ఆ మొదటి అధ్యాయం పేరు ఐటిఎఫ్ సర్క్యూట్. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య ఆధ్వర్యంలో ప్రపంచమంతటా వారం వారం జరిగే దిగువ స్థాయి పోటీలివి. వింబుల్డన్, ఫ్రెంచ్ ఓపెన్ వంటివి మేడ మీది గదులైతే, ఇవి మేడకు వెళ్లే మెట్లు. బహుమతి సొమ్మును బట్టి డబ్ల్యూ 15, డబ్ల్యూ 35, డబ్ల్యూ 50, డబ్ల్యూ 75, డబ్ల్యూ 100 అని వీటికి పేర్లు. డబ్ల్యూ 15 అంటే ఆ టోర్నమెంటు మొత్తానికి, సింగిల్స్, డబుల్స్ ఆడేవారందరికీ కలిపి, పంచే సొమ్ము 15,000 డాలర్లు. అందులో సింగిల్స్ విజేతకు దక్కేది 2,352 డాలర్లు, అంటే ఇంచుమించు రెండు లక్షల రూపాయలు. మెయిన్ డ్రా మొదటి రౌండులో ఓడిన అమ్మాయికి దక్కేది 147 డాలర్లు. దానిలోనూ చాలా దేశాల్లో పన్ను ముందే కోసుకుంటారు. అర్హత పోటీలలోనే ఓడిపోతే చేతికి ఏమీ రాదు.

సానియా ఈ మెట్ల మీదుగానే వెళ్లారు. 2001లో ఐటిఎఫ్ పోటీలలో అడుగుపెట్టారు. మరుసటి ఏడాది తొలి నెలల్లో వరుసగా ఓడి, తరువాత హైదరాబాద్‌లోనూ, మనీలాలోనూ టైటిళ్లు గెలిచారు. ఆమె జీవితకాలంలో గెలిచిన డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ ఒక్కటే. ఐటిఎఫ్ సింగిల్స్ టైటిళ్లు 14. ఈ రెండో అంకె మన సభల్లో ఎవరి నోటా మాకు వినపడలేదు.

ఉద్యోగకాలమంతా ప్రయాణ భత్యం బిల్లులు చూసిన చేయి మాది. కనుక ఈ విషయాన్ని కూడా బిల్లుగానే చూడడం మాకు అలవాటు. విమాన టిక్కెట్టు, విసా రుసుము, హోటల్ గది, భోజనం, పోటీ ప్రవేశ రుసుము, రాకెట్‌కు గట్టింగ్, బూట్లు, దెబ్బ తగిలితే వైద్యం. ఒక వారానికి ఇదంతా లెక్కవేసి, ఎదుట 147 డాలర్లు వేసి చూడండి. అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్యే 2013 నాటి లెక్కలను పరిశీలించి ఒక మాట ఒప్పుకొంది: వృత్తిగా టెన్నిస్ ఆడే మహిళకు ఏడాదికి ప్రయాణం, బస, భోజనం వంటి వాటికే సుమారు 40,000 డాలర్లు ఖర్చవుతుంది. శిక్షకుడి జీతం ఇందులో లేదు. వచ్చిన బహుమతి సొమ్ముతో ఈ ఖర్చు పూడాలంటే ఆమె ప్రపంచంలో 253వ ర్యాంకు లోపల ఉండాలి. పురుషులకైతే 336వ ర్యాంకు సరిపోయేది. నేటి మారకపు విలువలో 40,000 డాలర్లంటే 30 లక్షల రూపాయలకు పైమాటే. దేశదేశాల అమ్మాయిల మధ్య మూడువందలో స్థానంలో నిలిచిన క్రీడాకారిణి తన ఆట మీద తాను బతకలేదు. ప్రపంచంలో మూడువందల స్థానంలో నిలిచిన వైద్యురాలికో ఇంజినీరుకో ఇలాంటి స్థితిని ఎవరైనా ఊహించగలరా?

పై మెట్టుకూ కింది మెట్టుకూ ఉన్న అంతరం మరింత విడ్డూరం. 2025 ఆస్ట్రేలియన్ ఓపెన్ అర్హత పోటీల మొదటి రౌండులో ఓడి ఇంటికి వెళ్లిన క్రీడాకారిణికి ముట్టినది 35,000 ఆస్ట్రేలియా డాలర్లు. ఎనిమిది డబ్ల్యూ 15 టైటిళ్లు గెలిచినా అంత సొమ్ము రాదు. ఆ అర్హత పోటీలలో చోటు దొరకాలంటే సుమారుగా 230వ ర్యాంకు దరిదాపులకు చేరాలి. అక్కడికి చేరడానికి కావలసిన పాయింట్లు కింది మెట్ల మీదే సంపాదించాలి. డబ్ల్యూ 15 గెలిస్తే 15 పాయింట్లు. గ్రాండ్‌స్లామ్ గెలిస్తే 2,000. పైగా సంపాదించిన పాయింటు 52 వారాల తరువాత రద్దయిపోతుంది. వాడుకోని సెలవు ఏడాది చివర మురిగిపోయినట్లే. నిరుడు గెలిచిన చోట ఈ ఏడు కూడా గెలవాలి, లేదా అంతకంటే మంచి చోట గెలవాలి. కాలు బెణికి మూడు నెలలు మంచం పడితే పోయేది మూడు నెలలే కాదు, నిరుడు ఆ మూడు నెలల్లో సంపాదించినది కూడా.

ఈ పోటీలు జరిగే ఊళ్ల పేర్లు మన పాఠకులకు ఆసక్తి కలిగిస్తాయి. ట్యునీషియాలోని మొనాస్తిర్, ఈజిప్టులోని షర్మ్ అల్ షేఖ్, టర్కీలోని అంటాల్యా. డబ్ల్యూ 15 పోటీలు అత్యధికంగా జరిగే కేంద్రాలలో ఇవి ముందు వరుసలో ఉంటాయి. ఒక్కో చోట వారం వెంట వారం పోటీలు నడుస్తాయి కనుక ఒకే విమాన టిక్కెట్టుతో మూడు నాలుగు టోర్నమెంట్లు ఆడుకోవచ్చునని దేశదేశాల అమ్మాయిలు అక్కడికి వెళతారు. సముద్రపు ఒడ్డున హోటళ్లు, వాటిని ఆనుకుని కోర్టులు. ఫోటోలు చూస్తే విహారయాత్ర అనిపిస్తుంది. అక్కడ బంతులు అందించే పిల్లలుండరు, చూసేవారుండరు. గదిని ఇంకో అమ్మాయితో పంచుకోవడం, సాయంత్రం బట్టలు తానే ఉతుక్కోవడం, మొదటి రోజే ఓడితే తరువాతి వారం పోటీ మొదలయ్యేదాకా ఆ హోటల్‌లోనే రోజులు లెక్కపెట్టుకోవడం. మన దేశంలోనూ పుణె, బెంగళూరు, ఇండోర్, షోలాపూర్ వంటి ఊళ్లలో ఐటిఎఫ్ పోటీలు జరుగుతుంటాయి. విసా అక్కర్లేదు, రైలులో వెళ్లవచ్చు, ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చడి తినవచ్చు. స్వదేశంలో పోటీ జరిగితే నిర్వాహకులు స్థానిక అమ్మాయిలకు వైల్డ్ కార్డ్ పేరిట కొన్ని చోట్లు కేటాయిస్తారు. 2005 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో సానియా మూడో రౌండు చేరి సెరీనా విలియమ్స్‌తో తలపడింది కూడా వైల్డ్ కార్డ్ మీదే. చోటిచ్చేవాడు ఉంటే మెట్టు కొంచెం తగ్గుతుంది.

ఇక మన సముదాయానికి ప్రత్యేకమైన బిల్లు ఒకటుంది. అదే రెండో టిక్కెట్టు.

పదహారేళ్ల అమ్మాయిని మొనాస్తిర్‌కు ఒంటరిగా పంపడానికి మన తల్లిదండ్రులు ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడం తప్పని మేము అనము. మహ్రమ్ లేకుండా స్త్రీ దూరప్రయాణం చేసే విషయంలో ఉలమాల అభిప్రాయాలు ఒకే తీరుగా లేవు. దాని మీద తీర్పు చెప్పే స్థాయి మాకు లేదు, ఆ సాహసమూ చేయము. మతం మాట అటుంచినా, ఎదిగీ ఎదగని పిల్ల పరాయి దేశంలో, పరాయి హోటల్‌లో, ఒక శిక్షకుడి దయాదాక్షిణ్యాల మీద వారాల తరబడి ఉండడం ఏ మతానికి చెందిన తల్లికైనా నిద్ర పట్టనివ్వదు. క్రీడారంగంలో అమ్మాయిలపై వేధింపుల వార్తలు చదివినవారెవరూ ఆ భయాన్ని చాదస్తమని కొట్టివేయలేరు. కనుక అమ్మీయో, అబ్బాయో, పెద్దన్నో వెంట వెళ్లాలి. సానియాకు తోడుగా తల్లి నసీమా గారు, తండ్రి ఇమ్రాన్ మీర్జా గారు ఎన్నో ఏళ్లు అలాగే తిరిగారు. వెంట వెళ్లేవారికి ఇంకో టిక్కెట్టు, ఇంకో విసా, ఇంకో భోజనం. తండ్రే వెళితే ఆ నెల దుకాణం మూత. ఇప్పటికే మోయలేని బిల్లు ఇంచుమించు రెట్టింపవుతుంది.

ఇక్కడే మా ఫిర్యాదు. ఆడపిల్ల ఒంటరిగా వెళ్లరాదని చెప్పేవారు మన మధ్య వేలల్లో ఉన్నారు. తోడు వెళ్లే మనిషికి టిక్కెట్టు కొనిస్తామని చెప్పేవారు ఒక్కరూ కనిపించరు. మా ఉద్యోగకాలంలో, చికిత్సకు దూరం వెళ్లే రోగికి సహాయకుడు అవసరమని వైద్యుడు రాసిస్తే ఆ సహాయకుడి ప్రయాణ ఖర్చు కూడా బిల్లులో చేరేది. షరతు పెట్టిన చోటే ఖర్చు కూడా మంజూరు కావాలన్నది గుమాస్తాకు తెలిసిన న్యాయం. షరతు మాది, ఖర్చు మీది అంటే, ఆ షరతు పేరు రక్షణ కాదు, నిషేధం. మొహం మీద వద్దు అనలేక, వెళ్లడానికి వీల్లేకుండా చేయడం.

దుస్తుల మీద జరిగిన చర్చ సంగతి పాత పాఠకులకు గుర్తుండే ఉంటుంది. 2005లో సానియా పొట్టి స్కర్టు మీద ఒక ఫత్వా వెలువడింది. వారాల తరబడి టీవీల్లో, పత్రికల్లో అదే రగడ. ఆ అమ్మాయి వయస్సు అప్పటికి 19 నిండలేదు. తొమ్మిదేళ్ల తరువాత కొత్తగా ఏర్పడిన తెలంగాణ రాష్ట్రం ఆమెను తన ప్రచారకర్తగా నియమించి కోటి రూపాయలు ఇచ్చినప్పుడు, ఇంకో వైపు నుంచి, ఆమె పాకిస్తాన్ కోడలనీ, ఈ రాష్ట్రపు మనిషి కాదనీ ఒక రాజకీయ నాయకుడు అభ్యంతరం లేవదీశారు. ఇటు నుంచి బట్ట కొలత, అటు నుంచి దేశభక్తి కొలత. ముస్లిం ఆడపిల్ల ఆటలో పైకి వస్తే రెండు టేపులూ ఆమె మీదికే వస్తాయి. ఆమె వాటిని లెక్కచేయక ఆడింది, ఆరు గ్రాండ్‌స్లామ్ డబుల్స్ టైటిళ్లు తెచ్చింది. ఆమెకున్నంత గుండె ధైర్యం, ఆమె కుటుంబానికున్నంత దన్ను లేని పిల్లలు ఆ రగడ చూసి ఇంట్లోనే ఆగిపోయి ఉంటే వారి పేర్లు ఏ రికార్డులోనూ ఉండవు.

దుస్తుల మాట వచ్చింది కనుక ఒక వాస్తవం చెప్పి ముందుకు వెళతాం. మోకాలు దాటి కిందికి కప్పే లెగ్గింగ్స్ వేసుకుని, పైన స్కర్టు ఉన్నా లేకున్నా ఆడవచ్చునని 2019 నుంచి డబ్ల్యూటీఏ నిబంధనలు స్పష్టం చేశాయి. నిండుగా కప్పుకుని ఆడదలచిన అమ్మాయికి అక్కడ తలుపు మూసి లేదు. మన పెద్దలలో ఎందరికి ఈ సంగతి తెలుసు? తెలిసి ఉంటే సగం ఇళ్లలో సగం వాదన తగ్గేది.

సానియా ఒక్కరినే ఉదాహరణగా చూపితే, ఆమె కుటుంబం నిజాం క్లబ్‌లో ఆట నేర్పించగలిగిన కుటుంబం కదా అంటారు. న్యాయమైన ప్రశ్నే. హైదరాబాద్‌కు చెందిన జి.వి.కె. సంస్థ ప్రారంభ దశలోనే ఆమెకు ఆర్థికంగా అండగా నిలిచిన మాట కూడా నిజమే. అందుకే ట్యునీషియా వైపు చూద్దాం. ఆన్స్ జాబర్ చిన్న ఊళ్లో పుట్టిన ముస్లిం అమ్మాయి. మూడేళ్ల వయస్సులో తల్లి సమీరా ఆమె చేతికి రాకెట్ ఇచ్చింది. పన్నెండో ఏట ఇల్లు విడిచి రాజధాని ట్యూనిస్‌లోని ప్రభుత్వ క్రీడా పాఠశాలలో చేరింది. 2011లో, పదహారేళ్ల వయస్సులో, ఫ్రెంచ్ ఓపెన్ బాలికల సింగిల్స్ గెలిచింది. అంతటితో కథ సుఖాంతమైందనుకుంటాము. ఆమె ప్రపంచంలోని తొలి వందమందిలో చేరింది 2017లో. మధ్య ఆరేళ్లు ఎక్కువగా ఐటిఎఫ్ పోటీలలోనే గడిచాయి. 2020లో ఆస్ట్రేలియన్ ఓపెన్ క్వార్టర్ ఫైనల్, 2021లో బర్మింగ్‌హామ్ టైటిల్, 2022లో వింబుల్డన్ ఫైనల్, ప్రపంచ రెండో ర్యాంకు. అరబ్ మహిళల్లో ఇవన్నీ ఆమెతోనే మొదలు. ఆ ఆరేళ్ల నడిమధ్యన, 2014లోనో 2015లోనో, ఎవరైనా బంధువు వాళ్ల ఇంటికి వచ్చి, ఇంకా ఈ ఆట ఎందుకమ్మా, పెళ్లి చేసేయండి అని ఉంటే ఏమని జవాబు చెప్పగలిగేవారు? చూపించడానికి అప్పటికి చేతిలో ఏముంది? ఆమె 2015లో పెళ్లి కూడా చేసుకుంది. కత్తిసాము క్రీడాకారుడైన భర్త కరీమ్ కమూన్ తరువాత ఆమెకే శారీరక శిక్షకుడయ్యాడు. పెళ్లయితే ఆట ముగిసినట్లే అనుకునే మన ఇళ్లలో ఈ ఒక్క వాక్యం చదివి వినిపించాలి.

మన దేశం నుంచే ఇంకో ఉదాహరణ. అంకితా రైనా మన మతస్థురాలు కాదు. అహ్మదాబాద్‌లో పుట్టి పుణెలో శిక్షణ పొందిన అమ్మాయి. దిగువ సర్క్యూట్ అంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఆమె జీవితాన్ని మించిన పాఠ్యపుస్తకం లేదు. 2009 ప్రాంతంలో వృత్తి టెన్నిస్‌లోకి వచ్చింది. సింగిల్స్‌లో ఆమె చేరిన అత్యుత్తమ ర్యాంకు 160. అదీ 2020లో, 27 ఏళ్ల వయస్సులో. ఈ మధ్యలో 2018 ఆసియా క్రీడల్లో సింగిల్స్ కాంస్యం గెలిచింది. గ్రాండ్‌స్లామ్ మెయిన్ డ్రాలో, అదీ డబుల్స్‌లో, అడుగుపెట్టింది 2021 ఆస్ట్రేలియన్ ఓపెన్‌లో. అదే నెలలో రష్యా అమ్మాయి కమిల్లా రఖిమోవాతో కలిసి మెల్బోర్న్‌లో తొలి డబ్ల్యూటీఏ డబుల్స్ టైటిల్ గెలిచి, డబుల్స్‌లో తొలి వందలోకి వచ్చింది. ఆ ఏడాది టోక్యో ఒలింపిక్స్‌లో సానియాకు జోడీగా ఆడింది. మొదటి సెట్టు 6-0తో గెలిచి, ఆ తరువాత మ్యాచి చేజార్చుకున్నారు. పన్నెండేళ్ల శ్రమకు ఫలం ఇది. కొందరికిది కొంచెంగా అనిపించవచ్చు. మాకైతే అలా అనిపించదు. పన్నెండేళ్లు వారం వారం సూట్‌కేసు సర్దుకుని, ఓడిన మరునాడే ఇంకో ఊరికి బయలుదేరి, ర్యాంకును నిలబెట్టుకోవడం ఒక గౌరవప్రదమైన వృత్తి. మన సముదాయం సివిల్స్ శిక్షణకు హైదరాబాద్ వెళ్లిన కుర్రవాడికి ఐదేళ్లు ఓపిక పడుతుంది, పొలం అమ్మి మరీ పంపుతుంది. రాకపోతే నసీబ్ అంటుంది. ఆడపిల్ల ఆటకు రెండేళ్లు కూడా ఓపిక పట్టదు.

ఇంకో సంగతి మీద మన పత్రికే మాట్లాడాలి, ఎందుకంటే మిగిలినవారు మాట్లాడరు. అది జూదం. చూసేవారే లేని ఆ డబ్ల్యూ 15 కోర్టుల మీద పందేలు కాసేవారు మాత్రం ప్రపంచమంతటా ఉన్నారు. దిగువ స్థాయి మ్యాచిల స్కోర్లను క్షణక్షణం అందించే హక్కును సమాఖ్యే ఒక సంస్థకు అమ్మింది. ఆ స్కోర్లు పందేల కంపెనీలకు చేరుతాయి. 147 డాలర్ల కోసం ఆడుతున్న అమ్మాయి కొట్టే ఒక్కో సర్వీసు మీద ఎవరో ఎక్కడో అంతకు ఎన్నో రెట్లు కాయవచ్చు. ఒక సెట్టు ఓడిపో, ఇంత ఇస్తాం అని ఫోనులో సందేశం పంపడం వారికి ఎంతో తేలిక. టెన్నిస్ పెద్దలే నియమించిన స్వతంత్ర సమీక్షా బృందం 2018లో నివేదిక ఇస్తూ, ఈ చీడ దిగువ స్థాయిలోనే అత్యధికంగా ఉన్నదనీ, చాలీచాలని రాబడి దానికి ఒక ముఖ్య కారణమనీ తేల్చింది. అత్యంత దిగువ స్థాయి మ్యాచిల స్కోర్లు అమ్మడం ఆపాలని కూడా సూచించింది. ఇక పందెంలో ఓడినవారి కోపం ఆ అమ్మాయిల మీదికే వస్తుంది. 2024లో 458 మంది క్రీడాకారులకు సామాజిక మాధ్యమాల్లో 8,000 దాకా దూషణ సందేశాలు వచ్చాయనీ, వాటిలో 40 శాతం డబ్బు పోగొట్టుకున్న జూదరులు పెట్టినవేననీ డబ్ల్యూటీఏ, ఐటిఎఫ్ సంస్థలే వెల్లడించాయి.

జూదం హరామ్ అని మనం వేదికల మీద చెబుతాం. బాగానే ఉంది. ఆ జూదం మధ్యన నిలబడి, సందేశాన్ని తిప్పికొట్టి, అధికారులకు ఫిర్యాదు చేసి, నిజాయితీగా 147 డాలర్లతో ఇంటికి వచ్చే అమ్మాయికి మనం ఏమిస్తున్నాం? తండ్రులకు మా సూచన ఒకటుంది. సందేశం వచ్చినట్లు తెలిసీ ఫిర్యాదు చేయకపోవడం కూడా నేరమే అని టెన్నిస్ నిబంధనలు చెబుతున్నాయి. అమ్మాయి ఫోనులో అలాంటిది కనిపించిన రోజున ఆమె మొదట చెప్పేది అబ్బాకే అయ్యేలా ఆ ఇంట్లో వాతావరణం ఉండాలి. ఆటే మాన్పిస్తారేమో అని భయపడే పిల్ల చెప్పదు.

ఇప్పుడు ప్రభుత్వం వైపు తిరుగుదాం. నిజామాబాద్ బిడ్డ నిఖత్ జరీన్ 2022లో, 2023లో ప్రపంచ బాక్సింగ్ విజేత అయినప్పుడు మనమంతా మిఠాయి పంచుకున్నాం. జాతీయ జట్టులోకి వచ్చిన బాక్సర్‌కు శిబిరం, విదేశీ పోటీల ప్రయాణం ప్రభుత్వ, సమాఖ్య ఖర్చుతో జరుగుతాయి. టెన్నిస్‌లో ఏడాది పొడవునా దేశదేశాలు తిరిగే ఖర్చు క్రీడాకారిణిదే. దేశం తరఫున ఆడే కొన్ని వారాలు మాత్రమే మినహాయింపు. ఈ తేడాను అధికారులు గుర్తించాలి. తెలంగాణలో మైనారిటీ విద్యార్థి విదేశంలో ఉన్నత చదువుకు వెళితే ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ కింద 20 లక్షల రూపాయలు ఇస్తున్నారు. మంచి పథకం. ఎందరో పిల్లలు దానితో బాగుపడ్డారు. అదే తీరులో, ర్యాంకు ఆధారంగా, ఏటా కొద్దిమంది మైనారిటీ క్రీడాకారిణులకు ప్రయాణ సహాయం ఎందుకు ఇవ్వరాదు? అర్హత తేల్చడం చాలా సులువు. ర్యాంకు ప్రతి వారం ప్రపంచానికంతటికీ తెలిసేలా ప్రకటిస్తారు. తహసీల్దారు ధ్రువపత్రం అక్కరలేని ఏకైక అర్హత అదే కావచ్చు. అలాగే తెలంగాణ మైనారిటీ గురుకులాలు రెండు వందలకు పైగా ఉన్నాయి, దాదాపు సగం బాలికలవి. ఆవరణ విశాలంగా ఉన్న పది చోట్ల ఒక్కో టెన్నిస్ కోర్టు అడగడం అత్యాశ కాదు. తాము నేర్చుకునే రోజుల్లో పేడ అలికిన కోర్టుల మీద ఆడామని సానియాయే చెప్పుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఈ రెండు కోరికలనూ జిల్లా స్థాయి నుంచి వినతిపత్రాలుగా ఇవ్వవచ్చు. ముసాయిదా రాసిపెట్టడానికి మాలాంటి విశ్రాంత ఉద్యోగులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, పని లేక కూర్చుని ఉన్నారు.

ప్రభుత్వం కదిలేదాకా రెండో టిక్కెట్టు మాత్రం మన పనే. ఇందుకు జకాత్ సొమ్ము వాడమని మేము అనము. జకాత్‌కు అర్హులెవరో ఖుర్‌ఆన్‌లోనే నిర్ణయమై ఉంది. సదఖా వేరు, హదియా వేరు. గల్ఫ్‌లోనూ అమెరికాలోనూ స్థిరపడిన మనవాళ్ల సంఘాలు ప్రతి ఏడూ చదువులకు పంపే విరాళాలు వేరు. అందులోంచి ఏటా ఒక చిన్న వాటా, ఆటలో అంతర్జాతీయ ర్యాంకు తెచ్చుకున్న అమ్మాయి వెంట వెళ్లే తల్లి ప్రయాణానికి కేటాయించండి. డబ్బు ఆటకు ఇవ్వడానికి మనసొప్పని దాతలు కూడా, తోడుకు ఇవ్వడానికి కాదనలేరు. మనం పెట్టిన షరతుకే కదా ఇచ్చేది. ఒక్కో అమ్మాయికి ఒక్కో తల్లి అక్కరలేదు కూడా. 2018 నుంచి మన దేశపు హజ్ విధానమే 45 ఏళ్లు దాటిన మహిళలు కనీసం నలుగురు కలిసి మహ్రమ్ లేకుండా యాత్రకు వెళ్లడానికి వీలు కల్పించింది. ఉలమాలు సమ్మతిస్తే, ముగ్గురు క్రీడాకారిణులు, వారిలో ఒకరి తల్లి, అదే బృందంగా వెళ్లవచ్చు. పక్క అమ్మాయి రావు గారి కూతురైతే ఏమి? హైదరాబాద్ నుంచి భమిడిపాటి శ్రీవల్లి రష్మిక, యమలపల్లి సహజ వంటి అమ్మాయిలు ఇదే దారిలో నడుస్తున్నారు. 2025 ఏప్రిల్‌లో పుణెలో దేశం తరఫున ఆడిన ఐదు సింగిల్స్ మ్యాచిలనూ గెలిచింది ఈ రష్మికే. వారి తల్లుల భయాలు మన తల్లుల భయాలకంటే వేరు కావు.

మధ్యలో ఆగిపోయే అమ్మాయిల గురించి కూడా ముందే మాట్లాడుకోవాలి. పది మంది మొదలుపెడితే తొమ్మిదిమంది వందలోపు ర్యాంకు చూడరు. ఈ వృత్తి స్వభావమే అంత. అందుకే చదువు చేయి విడువరాదు. సహజ అమెరికాలోని టెక్సాస్‌లో విశ్వవిద్యాలయానికి ఆడుతూ చదువుకుంది. ఈజిప్టు అమ్మాయి మాయార్ షరీఫ్ కూడా కాలిఫోర్నియాలోని పెపర్డైన్ విశ్వవిద్యాలయంలో క్రీడావైద్యం చదివి, ఆ తరువాత ఐటిఎఫ్ మెట్లెక్కి, 2022లో డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి ఈజిప్టు మహిళ అయింది. అమెరికా విశ్వవిద్యాలయాలు మంచి క్రీడాకారిణికి ఫీజు, బస భరించి సీటిస్తాయి. ఎం.ఎస్. కోసం లక్షలు అప్పు చేసి పిల్లలను పంపే మన ఊళ్లలో ఈ దారి తెలిసినవారు బహు కొద్దిమంది. ఐదువందల ర్యాంకు దగ్గర ఆగిపోయిన అమ్మాయి కూడా చేతిలో డిగ్రీతో, నాలుగు దేశాలు చూసిన అనుభవంతో, పది మంది చిన్నపిల్లలకు ఆట నేర్పగల విద్యతో తిరిగి వస్తుంది. ఆమెకు పెళ్లి సంబంధం చూసేటప్పుడు ఓడి వచ్చిన పిల్ల అని చెప్పుకోకుండా ఉంటే చాలు.

ఈ రంజాన్ లోపల ఒక జిల్లాలో, ఒక్క అమ్మాయితో, ఈ రెండో టిక్కెట్టు పని మొదలుపెట్టాలని మా మిత్రబృందం ఆలోచిస్తున్నది. ఇతర జిల్లాల కార్యకర్తలు కూడా తమ ఊళ్లో జూనియర్ టోర్నమెంట్లు ఆడుతున్న ముస్లిం బాలికలు ఎందరున్నారో ముందు ఒక కాగితం మీద రాసుకోవాలని మనవి. అమ్మాయి పేరు, పుట్టిన తేదీ, ప్రస్తుత ర్యాంకు, శిక్షకుడెవరు, ఇంట్లో వెంట వెళ్లగలిగేవారెవరు అన్నవి చాలు. ఆ వెళ్లేవారికి పాస్‌పోర్టు ఉందో లేదో కూడా అదే కాగితం మీద రాయండి. అమ్మాయికి పాస్‌పోర్టు చేయిస్తారు గానీ అమ్మీకి చేయించాలన్న ఆలోచన చాలా ఇళ్లలో రాదు. అదీగాక ఓటరు కార్డులో ఒక పేరు, ఆధార్‌లో ఇంకో పేరు ఉంటే దాన్ని సరిచేయించడానికే కొన్ని నెలలు పడుతుంది.